పదిహేడో నంబరు మౌస్

కరగందాలో ఈ రాత్రి మైనస్ ముప్పై రెండు.
మంచు మీద బొగ్గు నుసి.
నేలమాళిగలో ఇరవై కంప్యూటర్లు
వెచ్చగా ఊపిరి తీస్తున్నాయి.
నా పని టీ కాచడం, గంటలు అమ్మడం,
గంట అయిపోయిన కుర్రాళ్ళ భుజం తట్టడం.

తోలెగెన్ పగలు డిపోలో బస్సుల టైర్లు మారుస్తాడు.
రాత్రి పదిహేడో మెషీను వాడిది.
"రౌషన్ అపా, ఇది సెకనుకి
నూట పాతికసార్లే అడుగుతోంది," అన్నాడు
ఎవరో బాకీ ఎగ్గొట్టినట్టు.

ఎవరు? ఎవర్ని? ఏమని?

"కంప్యూటరు, మౌస్‌ని.
కదిలావా, కదిలావా, కదిలావా అని.
ఒకసారి అడిగాక మళ్ళీ అడిగేలోపు
ఎనిమిది మిల్లీసెకన్లు.
ఆ సందులో నా చెయ్యి ఎక్కడికెళ్ళిందో దానికి తెలీదు."

విసురుగా ఒక సున్నా చుట్టి చూపించాడు.
తెర మీద పడింది సున్నా కాదు.
మూలలు మూలలుగా,
గొడ్డలితో చెక్కిన చక్రం.

నాకు నవ్వు రాలేదు.
ముప్పై ఒక్క ఏళ్ళు గనిలో దీపాల గది నాది.
నేను షిఫ్టుకి ఒక్కసారి అడిగేదాన్ని.
దిగేవాడికి దీపమిచ్చి ఇత్తడి బిళ్ళ తీసుకోవడం,
ఎక్కినవాడి దీపం తీసుకుని బిళ్ళ చేతిలో పెట్టడం.
మధ్యలో ఎనిమిది గంటలు.
ఆ సందులో ఎవరెక్కడున్నారో
గోడకున్న మేకుకి తెలీదు, నాకూ తెలీదు.
రెండు వందల పద్నాలుగో బిళ్ళ
ఒక మార్చి నెలంతా మేకుకే ఉండిపోయింది.
తర్వాత ఎవరో ఆవిడ వచ్చి
సంతకం పెట్టి పట్టుకెళ్ళింది.

ఇదేదీ వాడికి చెప్పలేదు.
వాడప్పటికే సిస్టమ్‌తో తగువులో ఉన్నాడు.
వాడు తెచ్చిన బుల్లి డ్రైవర్‌కి సంతకం లేదట.
సంతకం లేనిదాన్ని గడప దాటనివ్వనంటోందట.
బతిమాలాడు. రీస్టార్ట్ చేశాడు.
తిట్టాడు, ఆపైన రష్యన్‌లో తిట్టాడు.
"మౌస్ నాది, చెయ్యి నాది, మధ్యలో దీని పెత్తనమేంటి?"
నాకు మాత్రం లోలోపల
ఆ సిస్టమ్ మీద కాస్త అభిమానం పుట్టింది.
ముద్ర లేని కాగితంతో వచ్చినవాణ్ణి
దీపమివ్వకుండా నిలబెట్టినదాన్నే నేనూ,
డైరెక్టరు బావమరిదైనా సరే.

నాలుగో టీకి దారి దొరికింది.
పరీక్షలు చేసుకునేవాళ్ళ కోసం ఒక దొడ్డిదోవ ఉందట.
అందులోంచి దూరినందుకు
తెర మూలన చిన్న అక్షరాలు పడ్డాయి,
బళ్ళో తప్పు చేసిన పిల్లాడి చొక్కాకి
గుచ్చిన చీటీలా.
పడితే పడ్డాయి, అంకె ఎక్కింది.
నూట పాతిక. అయిదు వందలు.
వెయ్యి.

మళ్ళీ సున్నా చుట్టాడు. ఈసారి గుండ్రం.
ఇంకోటి. ఇంకోటి.
తెరనిండా నూనెలో పొంగుతున్న బౌర్సాకులు.
"చూడు అపా, చూడు," అంటూ
ఆటలో శత్రువుల్ని వదిలేసి
అరగంట సున్నాలే చుట్టాడు.

తర్వాత ఆట తెరిచాడు.
ఆట వాకిట్లో ఇంకో కాపలావాడు.
మూలనున్న అక్షరాలు చదివి తలుపేసేశాడు.
వెయ్యిసార్లు పలికే చేతికి ఆట లేదు,
ఆట కావాలంటే నూట పాతికే.

బల్ల గుద్దుతాడనుకున్నాను.
గోరు కొరుక్కుంటూ కాసేపు కూర్చుని
"పొద్దున్నే పాతదానికి మార్చేస్తాలే," అని
మౌస్ మీద చెయ్యి అలాగే ఉంచి నిద్రపోయాడు.

లేపాలి. గంట దాటి పది నిమిషాలైంది.
వాడి వేళ్ళ సందుల్లో
మౌస్ కడుపు కింది ఎర్ర దీపం.
అది ఇప్పుడూ అడుగుతూనే ఉందిగా,
సెకనుకి వెయ్యి.
కదిలావా. లేదు.
కదిలావా. లేదు.
విసుక్కోకుండా, మేకు లేకుండా, బిళ్ళ లేకుండా.

వాడి పేరున ఇంకో గంట రాసి
నా కోటు జేబులోంచి చిల్లర తీసి డ్రాయర్లో వేశాను.
పైన ఎవరో మెట్ల మీది మంచుని
పారతో గీకుతున్నారు.